ఎనిమిదో ఫారం

ఆ బళ్ళో లైబ్రరీ టీచర్‌కు పిల్లలు పెట్టిన పేరు సైలెన్స్ టీచర్. పేర్లు పెట్టడంలో పిల్లలు పొరపాటు పడరు. పదకొండేళ్ళుగా ఆవిడ నోట వాళ్ళు విన్న మాట అదొక్కటే మరి. గదిలో నలుగురుంటే "సైలెన్స్!" ఇద్దరుంటే "సైలెన్స్!" ఒక్కడే కూర్చుని తుమ్మినా "సైలెన్స్!" చివరికి ఆవిడ మాట ఎంత బాగా చెల్లిందంటే, గదిలోకి ఎవరూ రావడమే మానేశారు. ఇక సైలెన్సుకు లోటేముంది?

రెండో అంతస్తులో, మెట్లు ఎక్కగానే కుడిచేతి వైపు చివరి గది అది. మూడు పెద్ద కిటికీలు, ఏడు ఇనప బీరువాలు, నాలుగు వేల పుస్తకాలు, మధ్యలో పొడవాటి బల్ల, దానికి అటూ ఇటూ బెంచీలు. వెలుతురు బాగుంటుంది, గాలి బాగుంటుంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, చదివేవాళ్ళే లేరు. ఆ ఏడాది బడి తెరిచిన నాటి నుంచి రిజిస్టర్‌లో పడ్డ సంతకాలు పంతొమ్మిది. అందులో ఎనిమిది సైలెన్స్ టీచర్‌వే. పేజీ మరీ బోసిగా కనిపిస్తోందని ఆవిడే పుస్తకాలు తీసుకుని, ఆవిడే తిరిగిచ్చుకుని, రెండుచోట్లా ఆవిడే సంతకం పెట్టుకుంది.

ఆ లెక్క పెద్ద మేడం కంట పడనే పడింది. పెద్ద మేడం అంటే హెడ్మిస్ట్రెస్. ఖాళీగా ఉన్న గదిని చూస్తే ఆవిడకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది. పాత జవాబు పత్రాల కట్టలు మెట్ల కింద చెద పట్టిపోతున్నాయనీ, వాటికొక గది కావాలనీ రెండేళ్ళుగా అంటోంది.

"అర్ధసంవత్సరం పరీక్షల ముందు శుక్రవారం దాకా చూస్తాను. రిజిస్టర్‌లో పిల్లలు కనిపిస్తే సరే. లేకపోతే ఈ గది స్టోర్‌రూమ్. మీరు ఆఫీసులో ఫైళ్ళు చూసుకుందురుగాని" అంది పెద్ద మేడం.

"వస్తారు మేడం. తప్పకుండా వస్తారు" అంది సైలెన్స్ టీచర్.

అంత గట్టిగా ఎలా అనేసిందో మెట్లు దిగేదాకా ఆవిడకే తెలియలేదు. కానీ అబద్ధమాడలేదు. ఒక్క విషయంలో ఆవిడ నమ్మకం రాయిలాంటిది: పిల్లల్ని పుస్తకం దాకా తీసుకొస్తే చాలు, తర్వాత పుస్తకమే చూసుకుంటుంది. ఆ "దాకా" ఎలాగన్నదే ఇన్నేళ్ళుగా తేలని సంగతి.

ప్రయత్నాలకేం తక్కువ చేయలేదు. పుస్తకాల వారోత్సవం అని రంగు కాగితాలు అంటించింది. పిల్లలు కాగితాలు చూసి వెళ్ళారు. సారాంశం రాసినవాళ్ళకి బహుమతి అంది. పద్నాలుగు మంది రాశారు, పద్నాలుగూ అట్ట వెనక ఉన్న నాలుగు వాక్యాలే, అచ్చుతప్పులతో సహా. నిశ్శబ్ద పఠన గంట అని పెట్టింది. ఏడో తరగతి మొత్తం కడుపునిండా నిద్రపోయింది. గురక పెట్టినవాడికి కూడా "సైలెన్స్!" అని చెప్పాల్సొచ్చింది.

"పాతబడి, చినిగిపోయి ఉంటే ఎవరు ముట్టుకుంటారు? ముందు పుస్తకాలకి కొత్త బట్టలు తొడగాలి" అనుకుంది అప్పుడు. చివరి బీరువాలో ఒకే సెట్టుకు చెందిన పన్నెండు పుస్తకాలున్నాయి. కథలూ, నాలుగు పనికొచ్చే విషయాలూ కలిపి పిల్లల కోసం వేసిన సెట్టు. అన్నీ ఒకే సైజు, ఒకే కాగితం, ఒకే అచ్చు, అన్నీ నూట ఇరవై ఎనిమిది పేజీలే. అట్టలు ఏనాడో ఊడిపోయాయి. వాటిని పురికొసతో ఒకే కట్ట కట్టి, బడి నుంచి ఇంటికి వెళ్తూ దారిలో బాబాయి దుకాణంలో పడేసింది.

బాబాయి బైండరు. యాభై ఏళ్ళుగా అదే సందులో, అదే బల్ల దగ్గర, అదే సూదితో పని.

"బాబాయ్, పన్నెండున్నాయి. సోమవారానికి కావాలి" అంది.

"అలాగేనమ్మా" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆవిడ అంతకంటే చెప్పలేదు. ఆయన అంతకంటే అడగలేదు. ఈ కథంతా అక్కడే పుట్టింది.

సోమవారానికి పుస్తకాలు వచ్చాయి. ఎర్ర కాలికో గుడ్డ వెన్ను, గట్టి అట్ట, చేతిలో పట్టుకుంటే పొగరుగా నిలబడుతున్నాయి. సైలెన్స్ టీచర్ ఒక్కోదాని మొదటి పేజీ చూసి, పేరు చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, అట్టమీద అంటించింది. బల్లమీద వరసగా పేర్చి, మురిపెంగా చూసుకుని, భోజనానికి వెళ్ళింది.

మర్నాడు ఎనిమిదో తరగతి నుంచి ఎందుకమ్మ వచ్చింది. ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఏం చెప్పినా "ఎందుకు?" అంటుంది. ఆ రోజు లెక్కల గంటలో వరసగా ఐదుసార్లు అనేసరికి లెక్కల మాస్టారికి తిక్కరేగి, "పో, వెళ్ళి లైబ్రరీలో కూర్చో!" అని బయటికి పంపాడు. ఆ బళ్ళో లైబ్రరీ అలా ఉపయోగపడుతుండేది, శిక్షగా.

"సైలెన్స్" అంది టీచర్, పిల్ల ఇంకా నోరు విప్పకముందే.

ఎందుకమ్మ బల్లమీద పైనున్న పుస్తకం తీసింది. సముద్రం మధ్య ఒక రాతి దిబ్బ. దానిమీద లైట్‌హౌస్. దీపం వెలిగించే నాన్న, ఆయన వెంట తిరిగే పన్నెండేళ్ళ కూతురు. నాన్న సరుకుల కోసం పడవ వేసుకుని ఒడ్డుకు వెళ్ళాడు. గాలివాన మొదలైంది. చీకటి పడుతోంది. ఆ పిల్ల ఒంటరిగా దీపం వెలిగించడానికి మెట్లెక్కుతోంది. పైన ఏదో చప్పుడైంది. తలుపు తోసింది. లోపల...

ఎందుకమ్మ కళ్ళు కుడిపక్క పేజీకి దూకాయి. "ఒక్కో పెట్టెలో పది చట్రాలుంటాయి. చట్రాన్ని నెమ్మదిగా పైకెత్తి, ఈగలు కంగారు పడకుండా పొగ వదలాలి."

ఎడమపక్క చూసింది. పదహారో పేజీ. కుడిపక్క చూసింది. పదిహేడో పేజీ. అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

"టీచర్" అంది, వేలు పెట్టి పుస్తకం మూసి. "లైట్‌హౌస్ ఎక్కిన పిల్ల తేనెటీగల్లోకి ఎందుకు దిగింది?"

"సైలె..." అనబోయి సైలెన్స్ టీచర్ ఆగింది. పుస్తకం లాక్కుని చూసింది. తేనెటీగలు ముప్పై రెండో పేజీ దాకా ఎగిరాయి. ముప్పై మూడులో గడియారాల దొంగ ఒకడు గోడ దూకాడు. నలభై తొమ్మిదిలో ఒక నక్కపిల్ల తల్లిని వెతుక్కుంటోంది. అరవై అయిదులో ఎవరో వంతెన కడుతున్నారు. ఇంకోటి తీసింది. అదీ అంతే. ఇంకోటి. అన్నీ అంతే! పుస్తకాలు లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పకమ్మా" అంది ఎందుకమ్మతో.

"ఎందుకు?"

ఎందుకమ్మ తన పక్కన కూర్చునే కామెంటరీకి ఒక్కడికే చెప్పింది. ఆ కుర్రాడికి కామెంటరీ అనే పేరు ఊరికే రాలేదు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి బడి మొత్తానికి తెలిసిపోయింది.

సాయంత్రం సైలెన్స్ టీచర్ పుస్తకాలు సంచిలో వేసుకుని బాబాయి దుకాణానికి వెళ్ళింది. ఆయన ఏదో కార్యాలయం వారి దస్త్రాలకు జిగురు రాస్తున్నాడు.

"బాబాయ్, ఏం చేశావు నువ్వు?"

"ఏం చేశాను?"

"కథలన్నీ కలగాపులగమైపోయాయి! సముద్రంలోకి తేనెటీగలొచ్చాయి!"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నా యాభై ఏళ్ళ పనిలో ఒక్క ఫారం తారుమారు కాలేదమ్మా. కావాలంటే చూడు" అని ఒక పుస్తకం తెరిచి, పదహారు పేజీలకొకసారి అడుగున ఎడమపక్క చిన్న అంకె మీద వేలు పెట్టాడు. "ఇదిగో ఒకటో ఫారం. ఇదిగో రెండు. మూడు. నాలుగు. ఎనిమిది దాకా చూసుకో. ఎక్కడ తప్పింది?"

తప్పలేదు. అంకెల్లో తప్పలేదు. పెద్ద కాగితం అచ్చువేసి మడిస్తే పదహారు పేజీలవుతుంది, దాన్నే ఫారం అంటారు. అలాంటివి ఎనిమిది కలిపి కుడితే ఈ పుస్తకం. పన్నెండు పుస్తకాలూ విప్పాక ఆయన తన చేతికి అలవాటైన దారిలోనే పోయాడు. ఒకటో ఫారాలన్నీ ఒక దొంతి, రెండో ఫారాలన్నీ ఒక దొంతి, అలా ఎనిమిది దొంతులు, ఏది పైనో ఏది కిందో పట్టించుకోకుండా బల్ల చుట్టూ పేర్చుకుని, ఒక్కో దొంతి నుంచి ఒక్కోటి తీసుకుంటూ కుట్టేశాడు.

"అది ఒకే పుస్తకం పన్నెండు కాపీలు కుట్టే పద్ధతి కదా బాబాయ్! ఇవి పన్నెండు వేరువేరు పుస్తకాలు!"

ఆయన చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. "వేరువేరా? ఒకే కట్టలో ఇచ్చావు. ఒకే సైజు. బడి నుంచి వచ్చేవెప్పుడూ ఒకే పుస్తకం కాపీలేగా."

"మొదటి పేజీలో పేరు చదవలేదా?"

"నేను అంకెలే చదువుతానమ్మా. అక్షరాలు చదివితే కుట్టు ఆగిపోతుంది" అన్నాడు బాబాయి. ఆ మాట ఆయన ఇదివరకు ఎన్నోసార్లు గర్వంగా అన్నదే. ఈసారి మాత్రం కుంచె పక్కన పెట్టేశాడు. "ఇలా పెట్టెయ్యి. ఆదివారం కూర్చుని అన్నీ విప్పి సరిచేస్తాను. ఎవరికీ చెప్పకు."

"తప్పు నాది కూడా. ఒక చీటీ రాసి పెట్టలేకపోయాను. అందులోనూ ఒకటి కనపడటం లేదు. పన్నెండూ ఇచ్చావా నాకు?"

"పన్నెండూ ఇచ్చాను. పుస్తకాలు లెక్కపెట్టడం మాత్రం నాకొచ్చు."

కనపడని ఆ ఒక్కటీ దొరికాక అన్నీ కలిపి తెస్తానని చెప్పి, సంచితో ఇల్లు చేరింది.

మర్నాడు ఉదయం గంట కొట్టకముందే మెట్లెక్కింది. లైబ్రరీ తలుపు ముందు తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. పదకొండేళ్ళలో ఆ తలుపు ముందు మనుషులు ఎదురుచూస్తుండగా ఆవిడ చూడలేదు. ఏదో పగిలిందేమో, ఎవరైనా పడ్డారేమో అనుకుని గబగబా వచ్చింది.

"టీచర్, ఆ పిల్ల తలుపు తోశాక లోపల ఏముంది?" అన్నాడు కామెంటరీ.

"ఆ కథ మిగతాది ఏ పుస్తకంలో పోయింది టీచర్?" అంది ఎందుకమ్మ. "పోయిందంటే ఎక్కడికీ పోదు కదా. ఈ పుస్తకాల్లోనే ఎక్కడో ఉంటుంది కదా?"

"నాకు నక్కపిల్ల కావాలి టీచర్" అంది ఆరో తరగతి పిల్ల ఒకతె. ఆ పిల్లను ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

సైలెన్స్ టీచర్ తాళం తీస్తూ తీస్తూ ఆగిపోయింది. చిన్నప్పుడు బాబాయి బల్లకింద కూర్చుని తను చదువుకున్నది పుస్తకాలు కాదు, ఫారాలు. కుట్టడానికి వచ్చినవి. ఒకరోజు ఐదో ఫారం చేతికొచ్చేది, మర్నాటికి పుస్తకం కుట్టేసి ఇచ్చేసేవాడు. మొదలేంటో తెలియదు, చివరేంటో తెలియదు. ఒక రాణి ఎవరినో బావిలోకి దించుతుండగా ఆగిపోయిన కథ కోసం ఆవిడ ఊళ్ళో ఉన్న మూడు లైబ్రరీలూ గాలించింది, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా. దొరకలేదు. ఆ వెతుకులాటలో మాత్రం ఆరేడు వందల పుస్తకాలు చదివేసింది. తనను పుస్తకం దాకా తెచ్చింది రంగు కాగితాలు కాదు, బహుమతులు కాదు. ఆ మాట ఇన్నేళ్ళూ ఎలా మర్చిపోయిందో!

తాళం తీసింది. సంచిలోని పదకొండు పుస్తకాలు బల్లమీద పరిచింది.

"రండి. వెతుకుదాం" అంది.

సాయంత్రం బాబాయికి కబురు పంపకుండా తనే వెళ్ళి చెప్పింది. "ఇప్పుడే విప్పొద్దు బాబాయ్. పిల్లలు తగులుకున్నారు."

"మరి నా పరువు?"

"నీ పరువూ నాదీ ఒకే కుట్టులో ఉన్నాయిలే. వాళ్ళు అన్నీ వెతికేశాక అప్పుడు విప్పుదువుగాని."

ఆయన సూదికి దారం ఎక్కించి, "ఆ లోపల ఏముందట, తలుపు తోశాక?" అని అడిగాడు. యాభై ఏళ్ళలో అక్షరాల గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

గోడమీద పెద్ద అట్ట వెలిసింది. అడ్డంగా ఎనిమిది గళ్ళు, నిలువునా పన్నెండు. ఒక్కో వరస ఒక్కో కథకు, ఒక్కో గడి ఒక్కో ఫారానికి. ఏ ఫారం ఏ పుస్తకంలో దొరికిందో కనిపెట్టినవాళ్ళు ఆ గడిలో రంగు వేసి తమ పేరు రాస్తారు. కిటికీకి కిటికీకి మధ్య తీగ కట్టి, దానికి బట్టల క్లిప్పులతో చీటీలు తగిలించారు. "గడియారాల దొంగ నాలుగు కావాలి. నా దగ్గర వంతెన ఆరు ఉంది." "నక్కపిల్ల బతికే ఉందా? అవును, కాదు అని మాత్రం రాయండి." పుస్తకం కావాలంటే సంతకం పెట్టాలి, మూడు రోజుల్లో తిరిగివ్వాలి. కథ ముందే చెప్పేసినవాళ్ళకు వారం పాటు పుస్తకం లేదు. ఈ ఆఖరి నియమం పిల్లలే పెట్టారు, ముఖ్యంగా కామెంటరీని దృష్టిలో పెట్టుకుని. వాడు మొదటి వారమే శిక్షకు గురై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగాడు.

ఫారం కోసం వచ్చినవాళ్ళు ఎదురుచూస్తూ ఊరికే కూర్చోలేక బీరువాలు తెరిచారు. వంతెన కథ చదివినవాడు వంతెనల పుస్తకం అడిగాడు. నక్కపిల్ల అభిమానులు జంతువుల బీరువా ఖాళీ చేశారు. మూడోవారం రిజిస్టర్ అయిపోయి కొత్తది తీయాల్సొచ్చింది. గోల సంగతి చెప్పనక్కర్లేదు, తేనెతుట్టెను కదిపినట్టే. "సైలెన్స్" అనే మాట నోటిదాకా వస్తే సైలెన్స్ టీచర్ మంచినీళ్ళు తాగి లోపలికి దింపేసేది. ఆ మాట ఖర్చు పెడితే ఈ గది మళ్ళీ ఖాళీ అవుతుందని ఆవిడకు తెలుసు.

అయిదోవారానికి అట్టంతా రంగులతో నిండింది. ఎనిమిది గళ్ళు మాత్రం తెల్లగా మిగిలాయి. ఎందుకమ్మ వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడి, లెక్కల గంటలో ఎన్నడూ లేనంత శ్రద్ధగా చూసింది.

"టీచర్, ఒకటో ఫారాల్లో ఒక్కటి లేదు. రెండో ఫారాల్లో ఒక్కటి లేదు. ఎనిమిదో వాటి దాకా సరిగ్గా ఒక్కొక్కటే లేదు. అంటే ఎనిమిది పోలేదు. ఒక్క పుస్తకమే పోయింది. మొదట తేనెటీగలు, చివర..." ఆ పిల్ల వేలు ఆఖరి తెల్లగడి మీద ఆగింది. "లైట్‌హౌస్ ఎనిమిది."

గదిలో హాహాకారం పుట్టింది. ఎందుకంటే ఏడో ఫారం చివర, అంటే నూట పన్నెండో పేజీలో, ఆ పిల్ల దీపం దగ్గర నిలబడి ఉంది. చీకట్లో ఒక పడవ వస్తోంది. అందులో ఉన్నది నాన్నో, దీపస్తంభాన్ని దోచుకోవడానికి వచ్చేవాళ్ళో తెలియదు. పేజీ అక్కడ అయిపోయింది. ఆ తర్వాతి పదహారు పేజీల కోసం బళ్ళో డెబ్భైమంది పైగా తిండి సహించక తిరుగుతున్నారు. సైలెన్స్ టీచర్ బీరువాలన్నీ మళ్ళీ వెతికింది. తరగతుల్లో అడిగించింది. దొరకలేదు.

శుక్రవారం రానే వచ్చింది. మధ్యాహ్నం పెద్ద మేడం వచ్చింది. వెంట వడ్రంగి, చేతిలో కొలతల టేపు. గుమ్మంలోకి రాగానే ఆవిడ ముఖం చిట్లించింది. బెంచీలమీద పిల్లలు, కింద పిల్లలు, కిటికీ గట్టుమీద పిల్లలు. మాటలు, నవ్వులు, వాదనలు.

"ఏమిటీ సంత?"

సైలెన్స్ టీచర్ రెండు రిజిస్టర్లూ ఆవిడ ముందు పెట్టింది. పెద్ద మేడం పేజీలు తిప్పింది. చాలాసేపు తిప్పింది.

"సంతకాలున్నాయి, కాదనను. కానీ ఇవి చదివినందుకా, వెతికినందుకా? పిల్లలకి దాగుడుమూతలు నేర్పుతున్నారని కింద టీచర్లంటున్నారు. అసలు ఈ పుస్తకాలేమైనా సవ్యంగా ఉన్నాయా?" అంటూ చంకలోని ఫైళ్ళ మధ్య నుంచి ఒక పుస్తకం లాగి బల్లమీద పెట్టింది. ఎర్ర కాలికో వెన్ను. గట్టి అట్ట. ముత్యాల్లాంటి అక్షరాలు: తేనెటీగల పెంపకం. "బైండింగ్ అయి వచ్చినరోజు ఇటు వస్తే మీరు లేరు. పనికొచ్చే పుస్తకంలా ఉందని తీసుకెళ్ళాను. ఇదా పుస్తకం? తేనెటీగలతో మొదలై సముద్రంలో తేలింది! ఇలాంటివి పిల్లలకి పంచుతారా?"

గదిలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. అందరి కళ్ళూ ఆ పుస్తకం మీదే ఉన్నాయి. పదకొండేళ్ళుగా ఎంత అరిచినా రాని సైలెన్స్ అది, ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

సైలెన్స్ టీచర్‌కు చెమట పట్టలేదు. ఆవిడకే ఆశ్చర్యమేసింది. "బైండింగ్‌లో తప్పు జరిగింది మేడం. మా బాబాయిదీ, నాదీ. దాచను. కానీ పిల్లలు చదివారు. చదవకపోతే ఏ ఫారం ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? మీకు నమ్మకం లేకపోతే ఎవర్నైనా పిలవండి, ఏ పేజీ గురించైనా అడగండి."

"అడుగుతాను" అంది పెద్ద మేడం. పుస్తకం చివర తెరిచింది. వెతుక్కోనక్కర్లేకుండానే ఆ పేజీ తెరుచుకుంది, చాలాసార్లు తెరిచినట్టు. కళ్ళజోడు పైనుంచి అందర్నీ చూసింది. "సరే. పడవ దగ్గరికొచ్చాక ఆ పిల్ల దీపం ఆర్పేసింది. గాలివానలో, చీకట్లో, నాన్న సముద్రంలో ఉండగా. ఎవరైనా ఆర్పుతారా? నెలరోజులుగా..." ఆవిడ గొంతు సవరించుకుంది. కానీ మాట అప్పటికే జారిపోయింది. "ఎందుకు ఆర్పింది?"

"అయ్యో, చెప్పేశారు!" అని కామెంటరీ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మేడం, మీకు వారం రోజులు పుస్తకం లేదు!"

"నోర్ముయ్ రా" అంది ఎందుకమ్మ. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఇదే "ఎందుకు?" అన్నందుకు ఆ పిల్ల రెండేళ్ళలో ఎన్నిసార్లు పెద్ద మేడం గది ముందు నిలబడిందో లెక్కలేదు. "ఆర్పేసిందా? ఓహో! ఇప్పుడర్థమైంది! మూడో ఫారంలో వాళ్ళ నాన్న ఒక మాట చెప్తాడు కదా..." అని చటుక్కున నాలుక కరుచుకుంది.

"ఏం మాట?" అంది పెద్ద మేడం.

"చెప్పకూడదు మేడం."

"ఎందుకు?"

"చెప్పేస్తే మీరు చదవరుగా."

అందరూ సైలెన్స్ టీచర్ వైపు చూశారు. ఆవిడ అట్ట దగ్గరికి వెళ్ళి, లైట్‌హౌస్ వరసలో వేలు జరిపి చూసి, బల్లమీద నుంచి రెండు పుస్తకాలు ఏరి తెచ్చింది. "ఒకటో ఫారం ఇందులో మేడం. రెండు, మూడు ఇందులో. తర్వాతవి ఇవి తిరిగిచ్చాక. ఇక్కడ సంతకం పెట్టండి. మీ దగ్గరున్నది కూడా ఎక్కించుకుంటాను, దానికి గడువు ఎప్పుడో దాటిపోయింది."

పెద్ద మేడం పెన్ను తీసింది. పేరు రాసింది. తరగతి అనే గడి దగ్గర ఆగింది.

"మీది ఏ తరగతి మేడం?" అని అడిగాడు కామెంటరీ, ఎంతో మర్యాదగా.

పెద్ద మేడం వాడిని ఎగాదిగా చూసింది. తర్వాత ఆ గడిలో "ఒకటో ఫారం" అని రాసి, కిటికీ పక్కన పిల్లలు జరిగి ఇచ్చిన చోట, పొట్టి బెంచీ మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తేనెటీగల పుస్తకం మాత్రం అప్పటికే ఎందుకమ్మ చేతిలో ఉంది. దాని చుట్టూ మూగిన తలల మధ్య చీమ దూరే సందు లేదు. ఎవరో ఎనిమిదో ఫారం తెరిచారు.

వడ్రంగి గుమ్మంలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నాడు. టేపు బయటికి లాగాడు, లోపలికి వదిలాడు. చివరికి ఉండబట్టలేక, "అమ్మా, గది కొలతలు తీసుకోమంటారా?" అన్నాడు.

పెద్ద మేడం పేజీలోంచి తల ఎత్తలేదు.

"సైలెన్స్!" అంది.